భద్రాచలం పెద్దాసుపత్రి: పడకల లెక్కకు అందని జనం

భద్రాచలం ఏరియా ఆసుపత్రిని మన ఊళ్లలో ఎవరూ ఆ పేరుతో పిలవరు. చర్ల వైపు వాళ్లకైనా, చింతూరు వైపు వాళ్లకైనా అది పెద్దాసుపత్రి. ఒకప్పుడు 100 పడకలున్న ఈ ఆసుపత్రిని తర్వాత 200 పడకలకు పెంచారు. ఇంకా పెంచాలని, కొత్త వార్డులు కట్టాలని, పాతవి బాగుచేయాలని కోరుతూ మన సంఘాలు ఇప్పటికీ వినతిపత్రాలు ఇస్తూనే ఉన్నాయి. అవన్నీ న్యాయమైన కోరికలే. అయితే అలాంటి కాగితాల్లో ఎప్పుడూ పడకలు, భవనాలు, యంత్రాలు, ఖాళీ పోస్టుల లెక్కలే ఉంటాయి. ఆ ఆసుపత్రికి వచ్చే జనం ఎవరు, వాళ్లు ఏ జిల్లా కింద, ఏ రాష్ట్రం కింద ఉన్నారు, ఆ జిల్లా, ఆ రాష్ట్రం ఎన్నిసార్లు మారాయి అనే లెక్క కనబడదు. గిరిజన బాలికల హాస్టల్ వార్డెనుగా జ్వరమొచ్చిన పిల్లల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రుల వరండాల్లో చాలా గంటలు కూర్చున్నాను. పక్కన కూర్చున్నవాళ్లను "ఏ ఊరమ్మా?" అని అడగడం నా అలవాటు. బి.ఎడ్.లో నాది సాంఘిక శాస్త్రం కాబట్టి, వాళ్లు చెప్పే ఊళ్ల పేర్లు విన్నప్పుడల్లా పాత పటాలు కళ్లముందు మెదిలేవి. ఈ వ్యాసానికి మూలం ఆ పేర్లే.

1860 వరకు భద్రాచలం, రేకపల్లి ప్రాంతాలు నిజాం ఏలుబడిలో ఉండేవి. ఆ ఏడాది ఒప్పందంతో గోదావరి ఎడమ ఒడ్డున ఉన్న ఈ భూములు ఆంగ్లేయుల చేతికి వెళ్లాయి. మొదట సెంట్రల్ ప్రావిన్సెస్‌లో ఎగువ గోదావరి జిల్లా అని పేరు పెట్టి సిరోంచా నుంచి పాలించారు. 1874లో ఈ తాలూకాలను తీసి మద్రాసు రాష్ట్రపు గోదావరి జిల్లాలో కలిపారు. ఏజెన్సీ అన్నారు. ఎదుటి ఒడ్డున బూర్గంపహాడ్, పాల్వంచ మాత్రం నిజాం కిందే ఉండిపోయాయి. అంటే 1948 దాకా ఈ ఒడ్డు కోయవాడు ఒక ప్రభుత్వం, ఆ ఒడ్డు కోయవాడు మరో ప్రభుత్వం. మేనరికాలు ఒకటే, పండుములు ఒకటే, ఇలవేల్పులు ఒకటే. నది మీద గీసిన గీతను వాళ్లు పెద్దగా పట్టించుకున్నట్టు కనిపించదు. పడవ ఎక్కి పెళ్లికి వెళ్లారు, పడవ ఎక్కి వడ్డె దగ్గరికి వెళ్లారు.

ఆ రోజుల్లో వైద్యం అంటే వడ్డె, పసరు, మొక్కు. దాన్ని ఎగతాళి చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఎందుకంటే జ్వరం ఎందుకు వస్తుందో అప్పట్లో తెల్లదొరలకు కూడా తెలియదు. దుమ్ముగూడెం కథే దీనికి సాక్ష్యం. సర్ ఆర్థర్ కాటన్ ఆలోచన ప్రకారం గోదావరిని సముద్రం నుంచి నాగపూర్ రాజ్యపు పత్తి భూముల దాకా పడవల దారిగా మార్చాలని పూనుకున్నారు. రాళ్లు అడ్డొచ్చే మూడు చోట్ల, అంటే దుమ్ముగూడెం, ఇంచంపల్లి, దేవలమర్రి దగ్గర, ఆనకట్టలు, లాకులు, కాలువలు కట్టడం మొదలుపెట్టారు. కర్నల్ హేగ్ ఆ పనులు చూసేవాడు. దుమ్ముగూడెంలో పాత ఆనకట్ట ఇప్పటికీ ఉంది, మన పిల్లల్ని విహారయాత్రకు తీసుకువెళితే చూపిస్తాం. ఖర్చు తడిసి మోపెడైంది, దానికి తోడు మన్యం జ్వరం కూలీలనూ ఇంజనీర్లనూ పడుకోబెట్టేసింది. 1871లో పనులు మానేశారు. ఆ జ్వరాన్ని మోసేది దోమ అని రోనాల్డ్ రాస్ సికింద్రాబాదులో కనిపెట్టింది 1897లో, పనులు ఆగిన 26 ఏళ్లకు. అప్పటిదాకా చెడుగాలి అనుకునేవాళ్లు. మన ముత్తాతలు దెయ్యం అనుకున్నారు. తేడా ఎంతో మీరే చెప్పండి.

హేగ్ చొరవతోనే దుమ్ముగూడెంలో చర్చి మిషనరీ సొసైటీ కేంద్రం మొదలైంది. అక్కడ పనిచేసిన జాన్ కెయిన్ అనే పాదిరి 1870లలో భద్రాచలం, రేకపల్లి తాలూకాల గురించి, కోయల గురించి వ్యాసాలు రాశాడు. కోయభాష నేర్చుకున్నాడు, కోయలో సువార్త అచ్చు వేయించాడు. మతం సంగతి పక్కన పెడితే ఒక్క విషయం నన్ను ఆలోచింపజేస్తుంది. బయటనుంచి వచ్చినవాడు ఇక్కడ పనిచేయాలంటే ముందు కోయ నేర్చుకోవాలి అని ఆయనకు దాదాపు నూటయాభై ఏళ్ల కిందటే తట్టింది. ఈ మాటకు మళ్లీ వస్తాను.

స్వాతంత్ర్యం వచ్చాక కూడా మన తాలూకాల ప్రయాణం ఆగలేదు. 1953లో మద్రాసు నుంచి విడిపోయిన ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956లో ఆంధ్రప్రదేశ్‌లోకి. అప్పటికి మనది తూర్పుగోదావరి జిల్లా, జిల్లా కేంద్రం కాకినాడ. పెద్ద జబ్బు చేస్తే లాంచీ ఎక్కి పాపికొండల మధ్య నుంచి రాజమండ్రి దిగాల్సిందే. వరదకాలంలో అది కూడా లేదు. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను ఖమ్మం జిల్లాకు మార్చారు. కాగితం మీద జిల్లా మారింది కానీ నది అలాగే అడ్డంగా ఉంది. 1965లో గోదావరి మీద వంతెన తెరిచారు. అప్పటి రాష్ట్రపతి సర్వేపల్లి రాధాకృష్ణన్ వచ్చారు. నా దృష్టిలో ఈ ప్రాంత వైద్య చరిత్రలో మొదటి పెద్ద మార్పు ఆ వంతెనే. ఖమ్మం, వరంగల్ ఆసుపత్రులకు రోగి కారులోనో లారీలోనో వెళ్లగలిగాడు. అంతకంటే ముఖ్యంగా మందులు, డాక్టర్లు ఇటు రాగలిగారు. ఒక్క మాట, భద్రాచలం రోడ్ అనే రైల్వే స్టేషన్ భద్రాచలంలో లేదు, 40 కిలోమీటర్ల అవతల కొత్తగూడెంలో ఉంది. పేరు చూసి దిగినవాళ్లకు ఈ వంతెన విలువ బాగా తెలుసు.

తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే కాబట్టి త్వరగా చెబుతాను. 1953లో మలేరియా నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం వచ్చి డీడీటీ డబ్బాలు మన గూడేలకు చేరాయి. అయిదో పంచవర్ష ప్రణాళిక కాలంలో ఐటీడీఏలు పుట్టాయి. 1986 చట్టంతో ఏర్పడిన వైద్య విధాన పరిషత్తు కిందకు ఏరియా ఆసుపత్రులు వచ్చాయి. 2005లో 108 అంబులెన్సు, అదే ఏడాది జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ కింద ఆశా కార్యకర్తలు, జననీ సురక్ష. ఈ మూడూ కలిసి పురుడు మంత్రసాని చేతిలోంచి ఆసుపత్రి చేతికి మారాయి. 2017 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం తెచ్చిన కేసీఆర్ కిట్ ఆ మార్పును ఇంకా ముందుకు తీసుకెళ్లింది. అప్పట్లో ఆడపిల్ల పుడితే 13,000, మగపిల్లవాడు పుడితే 12,000 రూపాయలు ఇచ్చేవారు. 2021లో మన జిల్లా కలెక్టరు గారి కుటుంబంలో కాన్పు కూడా ప్రైవేటుకు వెళ్లకుండా ఈ పెద్దాసుపత్రిలోనే జరిగింది. ఆ వార్త ఊళ్లలో ఎంత ధైర్యం ఇచ్చిందో, పది ఉపన్యాసాలు ఇచ్చినా అంత వచ్చేది కాదు.

ఇక అసలు విషయం. పడకలు 200 అయ్యాయి, నవజాత శిశువుల వార్డు వచ్చింది, తీవ్ర పోషకాహార లోపం ఉన్న పిల్లలకు పోషకాహార పునరావాస కేంద్రం వచ్చింది. ఒకవైపు ఇవన్నీ పెరుగుతుంటే మరోవైపు జనాన్ని లెక్కించే గీతలు మళ్లీ జరిగాయి.

2005లో పక్క రాష్ట్రం బస్తరులో సల్వాజుడుం మొదలైంది. ఊళ్లు ఖాళీ అయ్యాయి. అక్కడి మురియాలు వేల సంఖ్యలో గోదావరి వైపు నడిచి వచ్చి మన అడవుల్లో గుడిసెలు వేసుకున్నారు. మనం వాళ్లను గుత్తికోయలు అంటున్నాం. వాళ్ల గూడేలకు చాలా చోట్ల రోడ్డు లేదు, కరెంటు లేదు. ఇక్కడ ఎస్టీ ధ్రువపత్రం రాదు. జనాభా లెక్కల్లో ఉన్నారో లేదో చెప్పడం కష్టం. కానీ కాన్పు నొప్పులు వస్తే మంచం మీద మోసుకొచ్చేది ఈ దారినే.

2014లో రాష్ట్రం విడిపోయింది. పోలవరం ముంపు పేరుతో ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపహాడ్‌లో కొంత భాగం, భద్రాచలం మండలంలో పట్టణం మినహా మిగిలిన పల్లెలు. భద్రాచలం పట్టణం ఒక్కటే తెలంగాణలో మిగిలింది. ఆసుపత్రి గేటు దాటి కొద్ది దూరం వెళితే రాష్ట్రం మారిపోతుంది. యటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలు ఆంధ్రలో ఉన్నాయి. తెలంగాణలోనే ఉన్న దుమ్ముగూడెం, చర్ల మండలాలకు వెళ్లాలంటే ఆ ఆంధ్ర పల్లెల మధ్య నుంచి వెళ్లి మళ్లీ తెలంగాణలోకి రావాలి. దుమ్ముగూడెం నుంచి వచ్చే 108 ఒక రాష్ట్రంలో బయలుదేరి, ఇంకో రాష్ట్రం దాటి, మొదటి రాష్ట్రంలోని ఆసుపత్రికి చేరుతుంది. నేను పిల్లలకు పటం గీసి చూపిస్తే "మేడమ్, తప్పు గీశారు" అన్నారు. తప్పు నాది కాదని నమ్మించడానికి ఆ పీరియడంతా పట్టింది.

2016లో ఖమ్మం నుంచి భద్రాద్రి కొత్తగూడెం జిల్లా విడిపోయింది. 2022లో అటువైపు చింతూరు, కూనవరం, వీఆర్ పురం, యటపాక మండలాలు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి, కుక్కునూరు, వేలేరుపాడు ఏలూరు జిల్లాలోకి వెళ్లాయి. అల్లూరి జిల్లా కేంద్రం పాడేరు. చింతూరు నుంచి పాడేరుకు వెళ్లడమంటే ఒక రోజు ప్రయాణం. రంపచోడవరం వైపు వెళ్లాలన్నా మారేడుమిల్లి ఘాట్ దాటాలి. కడుపుతో ఉన్న మనిషిని ఆ మలుపుల్లో తిప్పుకుంటూ ఎవరు తీసుకెళతారు? చింతూరులో ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. అక్కడ కుదరదన్న కేసు ఎక్కువగా భద్రాచలం దారే పడుతుంది. ఛత్తీస్‌గఢ్ కుంట వాళ్లు, ఒడిశా మల్కనగిరి వైపు వాళ్లు కూడా అంతే. రోగి నడిచేది నది వెంట, రోడ్డు వెంట, తన భాష తెలిసిన మనుషుల వెంట. 1860కి ముందు ఎలా నడిచారో ఇప్పుడూ అలాగే నడుస్తున్నారు.

ప్రభుత్వ ఆరోగ్య వ్యవస్థ ప్రమాణాలు జనాభా మీద ఆధారపడి ఉంటాయి. మైదానంలో 5,000 మందికి ఒక ఉపకేంద్రం, గిరిజన ప్రాంతంలో 3,000 మందికి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, మనకు 20,000 మందికి. సామాజిక ఆరోగ్య కేంద్రమైతే అక్కడ 1,20,000, ఇక్కడ 80,000. ఈ సడలింపు మంచిదే, పోరాడి తెచ్చుకున్నదే. కానీ ఏ ప్రమాణమైనా ఒక గీత లోపలి జనాన్నే లెక్కపెడుతుంది. 2014లో ఏడు మండలాలు పోయినప్పుడు కాగితం మీద భద్రాచలం ఆసుపత్రి బరువు తగ్గింది. వరండాలో తగ్గలేదు. ఆరోగ్యశ్రీ కార్డు ఏ రాష్ట్రానిది, కిట్టు ఎవరికి వస్తుంది, ఎవరికి రాదు అనే ప్రశ్నలు మాత్రం కొత్తగా వచ్చాయి. ఒకే గది, పక్కపక్కన రెండు మంచాలు, ఇద్దరు బాలింతలు. ఒకామెది దుమ్ముగూడెం, రెండో ఆమెది కూనవరం. ఇద్దరూ కోయలే, ఒకరికొకరు వదినా మరదళ్లు కూడా కావచ్చు. కిట్టు ఒకరికే.

ఆసుపత్రిని పెంచడం అంటే నా ఉద్దేశంలో ముందు ఈ లెక్కను సరిచేయడం. ప్రతి ఓపీ చీటీ మీద ఊరు, మండలం, రాష్ట్రం రాస్తారు. ఆ వివరాలను ఏడాదికోసారి కూడి, ఎంతమంది ఏ దిక్కు నుంచి వచ్చారో తేల్చి, ఆ అంకె మీద పడకలు, పోస్టులు, మందుల బడ్జెట్టు అడగాలి. రెండు మూడు రాష్ట్రాలు ఖర్చు పంచుకోవాలంటే కూడా ముందు ఆ అంకె చేతిలో ఉండాలి. మన సంఘం ఇచ్చే వినతిపత్రంలో మొదటి కోరిక ఇదే కావాలని నేను సంఘం సమావేశంలో కూడా అన్నాను. కొందరికి ఇది గుమాస్తా పనిలా అనిపించింది. కొత్త బ్లాకుకు శంకుస్థాపన అయితే ఫొటో వస్తుంది, పట్టిక తయారు చేస్తే రాదు.

గోడలు కట్టేటప్పుడు ఆలోచించాల్సినవి కూడా ఉన్నాయి. పట్నంలో రోగి వెంట ఒక మనిషి వస్తాడు. మన దగ్గర నలుగురు వస్తారు, బియ్యం, గిన్నెలు, చంటిపిల్లతో సహా. రాత్రికి తిరిగి వెళ్లడానికి బస్సు ఉండదు. వాళ్లు వండుకోవడానికి, పడుకోవడానికి చోటు లేకపోతే వార్డులోనే మంచం కింద పడుకుంటారు. ఆ తర్వాత "శుభ్రత లేదు" అని వాళ్లనే తిడతారు. పోషకాహార కేంద్రంలో బిడ్డతో తల్లి దాదాపు రెండు వారాలు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో అంటే తునికాకు కోత. ఏడాదిలో చేతికి నగదు కనబడే రోజులవి. ఇంటి దగ్గర ఇంకో ఇద్దరు పిల్లలు. మూడో రోజే చెప్పకుండా వెళ్లిపోయిన తల్లిని తప్పుపట్టే ముందు, ఆ పెద్దపిల్లలు కూడా వచ్చి ఉండగల గది ఒకటి ఉందా అని అడగాలి. వరద సంగతి చెప్పనక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు, 2022 జూలైలో 71.3 అడుగులకు వచ్చింది. 2022లో వంతెన మీద రాకపోకలే ఆపేశారు. 2024లో పక్కన రెండో వంతెన అందుబాటులోకి వచ్చింది, సంతోషం. కానీ లోపలి వాగులు పొంగితే ఏ వంతెనా పనికిరాదు. నెలలు నిండినవాళ్లు వాగు పొంగకముందే వచ్చి వారం పది రోజులు ఉండటానికి ఆసుపత్రి పక్కనే వసతి కావాలి. ఆంధ్రలో సాలూరులో ఐటీడీఏ 2018లో గర్భిణులకు ఇలాంటి వసతి గృహాన్ని నడిపి చూపించింది. హాస్టల్ నడిపే మనిషిని కాబట్టి చెబుతున్నా, ఇది పెద్ద ఇంజనీరింగ్ పని కాదు. మంచాలు, వంటమనిషి, రిజిస్టరు, రాత్రి కాపలాకు ఒక ఆయమ్మ ఉంటే చాలు.

రక్తం ఇంకో సంగతి. మా పిల్లలకు పరీక్షలు చేసినప్పుడల్లా హిమోగ్లోబిన్ అంకెలు చూసి భయపడతాను. కోయల్లో సికిల్ సెల్ జన్యువు ఉందని చాలాకాలంగా తెలుసు. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించాక మన గూడేల్లో, హాస్టళ్లలో పరీక్షలు ఊపందుకున్నాయి. ఇద్దరు వాహకులు పెళ్లి చేసుకుంటే ప్రతి కాన్పులో బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. మనవి మేనరికాలు కాబట్టి ఈ మాట ఆడపిల్లలకు, మగపిల్లలకు కూడా పదో తరగతికి ముందే చెప్పాలి. జబ్బు ఉన్నవాళ్లకు కీళ్ల నొప్పులతో వచ్చే సంక్షోభం రాత్రిపూట వస్తే, ఖమ్మం 120 కిలోమీటర్లు, హైదరాబాదు 300 పైచిలుకు. అందుకే రక్తనిధి, హైడ్రాక్సీయూరియా మాత్రలు, సికిల్ సెల్ తెలిసిన డాక్టరు ఇక్కడే ఉండటం కొత్త భవనం కంటే ముందు రావాలి. 2022లో కొత్తగూడేనికి మెడికల్ కాలేజీ వచ్చింది, మన పిల్లలు అక్కడ సీట్లు తెచ్చుకుంటున్నారు. స్పెషలిస్టులంతా కాలేజీ ఉన్న ఊరికే చేరితే మాత్రం మనకు మిగిలేది రిఫరల్ చీటీయే. ఆ కాలేజీ విద్యార్థులను, రెసిడెంట్లను భద్రాచలంలో కూడా వంతులవారీగా పనిచేయించే ఏర్పాటు ఉంటే రెండు ఊళ్లకూ మేలు.

చివరగా భాష. కొన్నేళ్ల కిందట, ఏ ఊరి ఆసుపత్రో చెప్పను, మా హాస్టల్ అమ్మాయిని చూపించడానికి తీసుకెళ్లాను. వరసలో మా ముందు ఒక గుత్తికోయ అవ్వ. తెలుగు ఒక్క ముక్క రాదు. "ఎన్ని రోజుల నుంచి?" అని గట్టిగా, ఇంకా గట్టిగా అడుగుతున్నారు, చెవుడు అనుకున్నారేమో. మా తొమ్మిదో తరగతి పిల్ల, తనకే 102 జ్వరం, ముందుకెళ్లి అవ్వతో కోయలో మాట్లాడింది. అవ్వకు కడుపునొప్పి అని రాసేశారు కానీ నిజానికి ఆమె మూత్రం ఆగిపోయి రెండు రోజులైంది. ఆ చీటీ మార్చి రాశారు, సూది, గొట్టం, అన్నీ వెంటనే జరిగాయి. జాన్ కెయిన్ కోయ నేర్చుకున్నది 1870లలో. ఇప్పుడు మనకు నేర్చుకునే పాదిరి అక్కర్లేదు. మన హాస్టళ్లలో చదివి ఏఎన్ఎం, జీఎన్ఎం చేసిన కోయ పిల్లలు ఎంతోమంది ఉన్నారు. ఓపీ దగ్గర, కాన్పు గది దగ్గర, పగలొకరు రాత్రొకరు కోయ మాట్లాడే ఉద్యోగి ఉండాలని, ఆ పోస్టుకు భాషే అర్హత కావాలని అడగవచ్చు. మా హాస్టల్ నుంచి వెళ్లిన ఇద్దరు నర్సింగ్ రెండో ఏడాదిలో ఉన్నారు. సెలవులకు వచ్చినప్పుడు శరీర భాగాల పేర్లు, నొప్పుల పేర్లు కోయలో, తెలుగులో పక్కపక్కన రాయిస్తున్నాను. ఇప్పటికి ఒక నోటు పుస్తకం సగం నిండింది. కోయ ఊరూరికీ కొంచెం మారుతుంది, అందుకని చర్ల మాట ఒక గడిలో, చింతూరు మాట ఇంకో గడిలో రాస్తున్నాం.

లాంచీలో రాజమండ్రి ఆసుపత్రికి వెళ్లినవాళ్లు, వంతెన లేని రోజుల్లో రోగిని పడవ దాటించినవాళ్లు, పాత ఆసుపత్రిలో పనిచేసిన ఆయాలు, కాంపౌండర్లు మన పెద్దల్లో ఇంకా కొందరు ఉన్నారు. వాళ్ల మాటలు ఎక్కడా రాసి లేవు. ఈ సంచిక చదివిన పిల్లలు తమ ఇంట్లో అవ్వనో తాతనో అడిగి, ఫోనులో రికార్డు చేసి సంఘానికి పంపితే వచ్చే సంచికకు నేను వాటిని వరసగా రాసిపెడతాను. ఊరి పేరు, ఏ ఏడాది అన్నది తప్పకుండా అడగండి. ఏడాది గుర్తులేకపోతే పెద్ద వరదకు ముందా తర్వాతా అని అడిగితే చెబుతారు.